పారబోసిన నీళ్ళు

ముందే చెప్పేస్తున్నాను, నా రాతలో ఒత్తులు ఒక్కోసారి ఎగిరిపోతాయి, దీర్ఘాలు ఉండకూడని చోట ఎక్కి కూర్చుంటాయి. జుట్టు నెరిశాక పలక పట్టినదాన్ని. నేనొక పేజీ నింపేలోగా పొయ్యి మీద పాలు కాగి, చల్లారి, మీగడ కట్టేస్తాయి. అక్షరాల్లో తప్పులుంటే మీరే సరిచేసుకుని చదువుకోండి. నా కోపంలో మాత్రం తప్పు వెతక్కండి. అది ఉండాల్సినట్టే ఉంది.

మేము ముగ్గురం ఒకే కార్ఖానాలో చొక్కాలు కుట్టాం. అక్కడ ఎవరినీ అసలు పేరుతో పిలిచేవాళ్ళు కాదు. ఎవరు ఏ ముక్క కుడితే అదే వాళ్ళ పేరు. నేను కాలర్లు కుట్టాను కాబట్టి కాలరమ్మని. జేబులు కుట్టినావిడ జేబులక్క. కాజాలు తీసి గుండీలు వేసే చిన్నదాని పేరు గుండీలు. చిన్నదంటే మాకంటే చిన్నది, అంతే. దానికీ మనవలున్నారు. కార్ఖానా మూతపడ్డాక ముగ్గురం సాయంత్రం పూట పెద్దవాళ్ళ బడిలో చేరాం. నా పెనిమిటి పోయాక ఆ గంటసేపే నేను ఇంట్లోంచి బయటపడేది.

ఆ బడి గోడ మీద ఒకరోజు రంగుల కాగితం అంటించారు. కొండ బొమ్మ, వీపున సంచులు వేసుకుని నడుస్తున్న మనుషుల బొమ్మలు. జేబులక్క వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది.

"కొం...డ...దా...రి నడక. ఏ వయసు వారైనా రావచ్చు."

చదివి మా వైపు తిరిగింది. "ఏ వయసు వారైనా అంటే అందులో మనం కూడా పడతాం కదే?"

"మనల్ని చూశాక ఆ ముక్క చెరిపేస్తారు," అంది గుండీలు.

చెరపలేదు. చేర్చుకున్నారు. గొడవంతా మా ఇంట్లోనే.

నా కొడుకు పొద్దున్నే బూట్ల లేసులు కట్టుకుంటుంటే చెప్పాను. వాడు తల కూడా ఎత్తలేదు.

"ఎక్కడికీ?"

"కొండకి."

"కొండ మీద ఏముంది?"

"వెళ్తే గదా తెలిసేది."

"అమ్మా, కూరగాయల సంచి మోసుకొస్తేనే మోకాళ్ళు పట్టుకుని కూర్చుంటావు. మోకాళ్ళ సంగతేంటి? పిల్లని ఎవరు చూస్తారు?"

చూశారా, మోకాళ్ళకీ పిల్లకీ మధ్య ఊపిరి కూడా తీసుకోలేదు. మోకాళ్ళు మర్యాదకి అడిగినవి, అసలు ప్రశ్న రెండోది. నా మనవరాలు రెండో తరగతి. దాన్ని బడి నుంచి తీసుకురావడం, పెట్టడం, జడ విప్పడం, చదివించడం అన్నీ నావే. అవి నాకు బరువని నేనెప్పుడూ అనలేదు. అనలేదు కాబట్టి అవి ఎవరికీ పనుల్లా కనిపించలేదు.

"నాన్న ఉంటే ఒప్పుకునేవాడా?" అన్నాడు.

"మీ నాన్న ఉంటే ఆయన్నీ లాక్కుపోయేదాన్ని."

నా కోడలు గిన్నెలు తోముతూ, వెనక్కి తిరక్కుండానే అంది. "వెళ్ళిరానివ్వండి. నేను సెలవు పెడతాను." కోడలిది పెద్ద షాపులో డబ్బులు తీసుకునే కౌంటరు పని. సెలవు అడిగితే అక్కడ మొహాలు ఎలా పెడతారో నాకు తెలుసు. అయినా అంది. నా కొడుకు లేసు లాగిన లాగుడికి అది తెగి చేతిలోకి వచ్చింది.

*

మా దళానికి పెద్ద ఒక పిల్ల. మెడలో ఈల వేలాడేది. ఆగాలన్నా, కదలాలన్నా, తల లెక్క చూసుకోవాలన్నా ఈలే. మేము ఈలపిల్ల అని పేరు పెట్టాం. తెలిసీ నవ్వింది. మాతో పాటు ఒంటరిగా వచ్చిన ఒకావిడ ఉంది, భుజాలు ఇంత వెడల్పు, గొంతు ఇంకా వెడల్పు. జీవితమంతా బస్సు నడిపి దిగిపోయిందట. డ్రైవరమ్మ అన్నాం. ఆవిడ వెంటనే, "మీ పేర్లేంటమ్మా?" అంది. చెప్పాం. "కాలరు, జేబులు, గుండీలు... చేతులు లేకుండా చొక్కా ఎలాగే?" అంది. "నువ్వొచ్చావు కదా, రెండు చేతులూ నీవే," అంది జేబులక్క. అలా స్నేహం కుదిరింది.

నేనక్కడ చేసినవి చెప్తే మీరు నమ్మరు. మోకాలి దాకా చల్లని నీళ్ళున్న ఏరుని తాడు పట్టుకుని దాటాను. బట్టతో కట్టిన గుడారంలో, బయట గాలి ఊళలు వేస్తుంటే పడుకుని గురక పెట్టాను. నడుముకి పట్టీలు బిగించి, నిలువు బండ మీద నుంచి వెనక్కి నడుస్తూ దిగమంటే దిగాను. కింద ఈలపిల్ల, "ఆంటీ, కాళ్ళు చాపండి, బండని తన్నండి!" అని అరుస్తోంది. తన్నాను. ఎవరెవరినో తలుచుకుని మరీ తన్నాను. దిగేసరికి నవ్వు ఆగలేదు. జేబులక్క సగం దాకా దిగి అక్కడే వేలాడుతూ, "ఇక్కడ బాగుందే, గాలి వస్తోంది, టీ పంపండి," అంది.

ఈలపిల్లకి ఒక పద్ధతి ఉంది. ఆగిన ప్రతిచోటా అందరూ నీళ్ళ సీసాలు పైకెత్తి చూపించాలి. సీసా ఖాళీ అయితే తాగినట్టు. వెంటనే ఊట దగ్గర మళ్ళీ నింపించేది. మా ముగ్గురి సీసాలు అందరికంటే ముందు ఖాళీ అయ్యేవి. "ఈ ఆంటీలని చూసి నేర్చుకోండి," అని మిగతా వాళ్ళకి చెప్పేది.

డ్రైవరమ్మ కూడా ఖాళీ చేసేది. ఆవిడ నిజంగా తాగేది. తాగినదానికి తగ్గట్టు నడక మధ్యలో రెండు చేతులూ పైకెత్తి, "అందరూ అటు తిరగండి! బండి ఆగింది!" అని కేకేసి బండరాళ్ళ వెనక్కి వెళ్ళిపోయేది. మేము సిగ్గుతో చచ్చిపోయేవాళ్ళం. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఈవిడకి సిగ్గూ శరం లేవా" అని గుసగుసలాడుకునేవాళ్ళం.

మరి మేమేం చేసేవాళ్ళమంటే, పొద ఏదైనా అడ్డం దొరగ్గానే సీసా వంచేసేవాళ్ళం. ముగ్గురం ఒకరితో ఒకరు అనుకున్నది కూడా లేదు. మొదటి రోజు నేను పొద వెనక పారబోస్తుంటే అవతలి పక్క జేబులక్క పారబోస్తూ కనిపించింది. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని ఏమీ జరగనట్టు మూతలు బిగించుకున్నాం.

కనుమ ఎక్కే రోజు ఎండ చురుక్కుమంటోంది. దారి నిట్టనిలువు. నాకు నాలుక అంగిలికి అంటుకుపోయింది. అది నాకు కొత్త కాదు కాబట్టి పట్టించుకోలేదు. నా ముందు నడుస్తున్న గుండీలు ఉన్నట్టుండి సంచితో సహా పక్కకి ఒరిగిపోయింది. పరిగెత్తి పట్టుకున్నాను. పెదాలు తెల్లగా పగిలి ఉన్నాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ నన్ను చూడటం లేదు.

"అయిపోతాయి సార్," అంటోంది. "ఈ డజనుతో కాజాలు అయిపోతాయి సార్, అయ్యాకే వెళ్తాను."

కార్ఖానా మూతపడి ఎంత కాలమైంది! అయినా అది ఇంకా అక్కడే కూర్చుని ఉంది.

ఈలపిల్ల దాన్ని నీడలోకి లాగి, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు చెంచాతో పోసింది. దాని సీసా ఎత్తి చూసి నా వైపు తిరిగింది. "ఇంత తాగారు కదా! ఇందాకే చూపించారు కదా ఆంటీ!"

నేను నేల చూశాను. జేబులక్క ఏడుపు మొదలుపెట్టింది. "తాగలేదమ్మాయ్. పారబోశాం. ముగ్గురమూ."

"ఎందుకు?"

ఆ పిల్లకి నిజంగా అర్థం కాలేదు. దాని వయసుకి అర్థం కాకపోవడం మంచిదే. డ్రైవరమ్మే చతికిలబడి గుండీలు తల తన ఒళ్ళో పెట్టుకుని మెల్లిగా అడిగింది. "మీ కార్ఖానాలో బాత్రూముకి ఎలా పంపేవాళ్ళమ్మా?"

అప్పుడు చెప్పాను. మా వరుస మొత్తానికి ఒకటే చెక్క బిళ్ళ ఉండేది. అది సూపర్వైజరు బల్ల మీద ఉంటుంది. ఎవరికి వెళ్ళాలన్నా అందరి ముందూ నడిచి వెళ్ళి, చెయ్యి చాచి ఆ బిళ్ళ అడగాలి. ఆయన ముందు మన మిషను వైపు చూస్తాడు, తర్వాత గడియారం చూస్తాడు, ఆఖరికి మన మొహం చూస్తాడు. "ఇందాకే వెళ్ళొచ్చావు కదమ్మా, షుగరా?" అంటాడు. వరుసలో మగవాళ్ళు నవ్వుతారు. ఒకసారి అడిగిన ఆడది రెండోసారి అడగదు. నీళ్ళు మానేస్తుంది. దాహం వేస్తే దారం ముక్క నోట్లో వేసుకుని నమిలేవాళ్ళం, ఉమ్మి ఊరుతుందని. ఇంటికి వచ్చాకే గ్లాసు ముట్టేది. నా కడుపులో పడ్డ ఆడపిల్ల పుట్టకముందే పోయింది, నాకు కిడ్నీలో రాళ్ళొచ్చాయి, జేబులక్కకి ఏడాదికోసారి చలిజ్వరం. ఆ బిళ్ళకీ వీటికీ ముడి ఉందని మాకెవరూ చెప్పలేదు, మేమూ అనుకోలేదు. ఆడ ఒళ్ళు ఇంతే అనుకున్నాం.

డ్రైవరమ్మ గుండీలు నుదురు తుడిచింది. తర్వాత, "నా బస్సెక్కిన కండక్టరు పిల్లలంతా ఇంతే," అంది. "నేనే బండి పక్కకి ఆపి, దిగి వెళ్ళిరా పో అనేదాన్ని. ప్రయాణికులు తిట్టేవాళ్ళు. తిట్టనీ. నా చేతిలో స్టీరింగు ఉంది కదా."

నాకు అక్కడ మొదలైంది కోపం. అప్పటిదాకా మనసులో డ్రైవరమ్మకి సిగ్గు లేదని అనుకున్నాను. సిగ్గు ఎవరికి ఉండాలో అప్పుడు తెలిసింది.

*

గుండీలు మర్నాటికల్లా లేచి కూర్చుని, "నాకు ఆకలేస్తోంది, పీనుగుని చూసినట్టు చూడకండి," అంది. కానీ ఎవరైనా పడిపోతే దళంలో అందరి ఇళ్ళకీ ఫోను చేసి చెప్పాలట, అది వాళ్ళ నియమం. గుండీలు కూతురు ఫోనులో, "బాగుంటే నడవనీయండి, ఇంట్లో ఉంటే ఇంకా పోట్లాడుతుంది," అంది. పడిపోయినదాని ఇంటి నుంచి ఎవరూ రాలేదు. పడిపోని నా కోసం నా కొడుకు కారు వేసుకుని వచ్చేశాడు.

గుండీలుని కనుమ కిందికి దింపుకొచ్చి, అక్కడున్న చెక్క బసలో ఆగాం. అక్కడి దాకా రోడ్డుంది. మేము గుమ్మం ముందు బెంచీ మీద ఉడకబెట్టిన గుడ్లు తింటుంటే దిగాడు. అందరికీ నమస్కారం పెట్టాడు. నాకు మాత్రం, "సంచి ఏదమ్మా? పద," అన్నాడు.

"ఎక్కడికి?"

"ఇంటికి. నిన్న ఆవిడ పడింది, రేపు నువ్వు పడతావు. ఇక చాలు. వయసైపోయిందని ఒప్పుకోవాలమ్మా."

"అది వయసు కాదురా."

"మరేంటి?"

చెప్పాలనే నోరు తెరిచాను. రాలేదు. కన్న కొడుకే, చిన్నప్పుడు వాడి గుడ్డలు నేనే ఉతికాను. అయినా ఈ మాట వాడితో అనడానికి నా నోటికి తాళం పడింది. ఆ తాళం కూడా కార్ఖానావాళ్ళు వేసిందే గదా అని ఇంకా మండింది.

ఈలపిల్ల మధ్యలోకి వచ్చింది. "సార్, ఆంటీ బాగున్నారు. నిన్న గుండీలాంటీ సంచి కూడా ఆవిడే మోశారు."

"మీకేమమ్మా, మీ పని మీకు. రేపేదైనా అయితే తిప్పలు పడేది మేము." నా వైపు తిరిగాడు. "సరే, ఈ ఒక్కసారికీ నడువు. కానీ ఇదే ఆఖరని మాటివ్వు. ఇక ఎక్కడికీ వెళ్ళనని మాటిస్తే నేను వెళ్ళిపోతాను."

అందరూ నన్నే చూస్తున్నారు. ఇంత బతుకు బతికి, నా కాళ్ళ మీద నేను నడవడానికి నేను కన్నవాడికి మాటివ్వాలి! నేను బెంచీ మీద ఉన్న సీసా తీసుకున్నాను. నిండా ఉంది. వాడి కళ్ళ ముందే మూత తీసి, ఆగకుండా, గడగడా మొత్తం తాగాను. ఖాళీ సీసా వాడి చేతిలో పెట్టాను. తర్వాత రెండు చేతులూ పైకెత్తి, "అందరూ అటు తిరగండి! బండి ఆగింది!" అని కేకేశాను.

జేబులక్క, గుండీలు, డ్రైవరమ్మ ఠక్కున అటు తిరిగారు. నా కొడుక్కి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. చెవులు ఎర్రబడి, సీసా పట్టుకుని వాడూ కారు వైపు తిరిగి నిలబడ్డాడు. నేను బండల వెనక్కి వెళ్ళొచ్చాను.

"మాట సంగతి వచ్చాక చెప్తాను," అన్నాను.

ఆరోజు కనుమ దాటాం. పైన గాలి మనిషిని తోసేస్తుంది. రెండు వైపులా లోయలు, కింద ఏరు దారప్పోగులా ఉంది. గుండీలు అక్కడ కూర్చుని ఒక సీసా తాగింది, ఇంకో సీసా తాగింది, లేచి తన బండి తను ఆపుకుంది. మేము చప్పట్లు కొట్టాం. ఎందుకు కొట్టామో మిగతా దళానికి తెలియదు, వాళ్ళూ కొట్టారు.

*

ఇంటికి వచ్చేసరికి నా మనవరాలు మంచం మీద ఉంది. జ్వరం, పొత్తికడుపులో నొప్పి. డాక్టరు మందిచ్చి, పిల్ల నీళ్ళు సరిగ్గా తాగటం లేదన్నాడట. నా కొడుకు గుమ్మంలోనే అందుకున్నాడు.

"చూశావా? నువ్వు కొండలెక్కుతుంటే ఇక్కడ పిల్ల మూలుగుతోంది. నువ్వుంటే దగ్గరుండి తాగించేదానివి. వచ్చాక చెప్తానన్నావు, చెప్పు ఇప్పుడు. మాటిస్తావా, ఇవ్వవా?"

వీపు మీది సంచి కూడా దించలేదు నేను. నిజం చెప్తున్నాను, ఆ క్షణం ఇచ్చేసేదాన్నే. పిల్ల మొహం చూస్తే నా కొండ, నా కనుమ అన్నీ నీరుగారిపోయాయి. పక్కన కూర్చుని నుదుటి మీద చెయ్యి వేశాను. కోడలు అంటోంది, "రోజూ సీసా నింపి పంపుతున్నాను అత్తయ్యా, ఖాళీగానే తెస్తోంది. తాగుతోందనే అనుకున్నాను."

ఖాళీగానే తెస్తోంది.

నేను వంగి పిల్ల చెవిలో అడిగాను. "ఎక్కడ పారబోస్తున్నావే?"

అది కళ్ళు పెద్దవి చేసింది. నేనేదో మంత్రం వేసినట్టు చూసింది. "నీకెలా తెలుసు నానమ్మా?"

"తెలుసులే. చెప్పు."

"గేటు పక్కన మొక్కకి. నిండుగా తెస్తే అమ్మ తిడుతుంది."

"ఎందుకు తాగవు?"

"తాగితే వస్తుంది కదా. మా బాత్రూములో విరిగిన బల్లలు పెట్టారు. టీచర్లదానికి తాళం. అడిగితే, ఇంటికెళ్ళేదాకా ఆగలేవా అంటారు. మా క్లాసులో ఆడపిల్లలం ఎవరమూ తాగం."

ఏడేళ్ళ పిల్ల! నాకు కార్ఖానాలో అడుగుపెట్టాక పట్టిన అలవాటు, దానికి పాలపళ్ళన్నీ ఊడకముందే పట్టించారు. ఫీజు తీసుకుని మరీ పట్టించారు.

కోడలు మంచం చివర కూర్చుండిపోయింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తూ, "నేనూ అంతే అత్తయ్యా," అంది. "కౌంటరు వదిలితే పక్కనున్నవాళ్ళు అరుస్తారని మధ్యాహ్నం దాకా ముట్టను. ఇంటికొచ్చి పరిగెడతాను, చూస్తారు కదా."

నా కొడుకు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఇప్పుడు నా నోటికి అడ్డం ఏమీ లేదు.

"అది వయసు కాదురా అన్నాను కదా. ఏంటని అడిగావు కదా. ఇదీ అది," అన్నాను.

వాడు మాట సంగతి మళ్ళీ ఎత్తలేదు. కానీ వదిలేశాడని అప్పుడే అనుకోలేదు నేను.

పిల్ల కోలుకుని బడికి వెళ్ళిన రోజు, మేము ముగ్గురమూ డ్రైవరమ్మా కలిసి ఆ బడి ఆఫీసు గదికి వెళ్ళాం. పెద్ద టీచరమ్మ కుర్చీలు కూడా చూపించలేదు.

"చిన్నపిల్లలమ్మా. ఇంటి దగ్గర అలవాటు చేసి పంపండి. మాటిమాటికీ వదిలితే పాఠాలెప్పుడు చెప్పాలి?"

"పాఠం చెప్తూ మీరు ఎన్నిసార్లు వెళ్తారండీ?" అంది జేబులక్క.

"ఏం మాటలవి!"

"అదే మాట పిల్లల్ని మీరడుగుతున్నారు," అన్నాను. "ఆ గది తెరిచి బల్లలు తీసేదాకా మేమిక్కడే కూర్చుంటాం."

గోడవారగా ఉన్న బెంచీ మీద నలుగురం కూర్చున్నాం. డ్రైవరమ్మ సంచిలోంచి సీసా తీసి అందరికీ అందించింది. వరుసగా తాగాం. "ఇక కాసేపట్లో ఈ నలుగురికీ వస్తుంది టీచరమ్మా," అంది గుండీలు. "ఎక్కడికి పంపుతారో ఆలోచించుకోండి."

ఆవిడ ఫోను తీసి నా కొడుక్కి చేసింది. మీ అమ్మగారు గొడవ చేస్తున్నారు, వచ్చి తీసుకెళ్ళండి అంది. నేను విన్నాను. మళ్ళీ తీసుకెళ్ళాలి! ఎక్కడ కూర్చున్నా నన్ను తీసుకెళ్ళడానికి ఒకరు రావాలి, నేనేదో దారిలో పడిపోయిన సామాను అయినట్టు.

వచ్చాడు. పనిలోంచి అలాగే వచ్చాడు, చొక్కా చెమటతో తడిసి ఉంది. గుమ్మంలో ఆగి బెంచీ వైపు చూశాడు. బస దగ్గర చూసినట్టే చూశాడు. నేను గట్టిగా పట్టుకున్నాను బెంచీని.

"మంచిది, వచ్చారు," అంది పెద్ద టీచరమ్మ. "పెద్దావిడ, చెప్తే అర్థం చేసుకోవడం లేదు. కాస్త మీరు..."

"ఆ గది ఎక్కడండీ?" అన్నాడు.

"ఏ గది?"

"బల్లలు పెట్టారట కదా."

ఆవిడ వరండా చివరికి చెయ్యి చూపించింది. వెళ్ళి చూసొచ్చాడు. తిరిగొచ్చేసరికి చేతులకి దుమ్ముంది. "కొంచెం జరగమ్మా," అని నా పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. డ్రైవరమ్మ వాడికీ సీసా అందించింది. తీసుకుని తాగాడు.

ఆ సాయంత్రానికి బల్లలు బయటికొచ్చాయి. తలుపుకి గడియ ఇంకా పెట్టలేదు, అడుగుతూనే ఉన్నాం. కోడలి షాపు సంగతి కూడా మిగిలే ఉంది. అక్కడికీ వెళ్తాం, అక్కడా బెంచీ ఉందట.

వానలు తగ్గాక మళ్ళీ కొండకి వెళ్తున్నాం. ఈసారి కోడలూ వస్తానంది. నా కొడుకు అది విని, పిల్లకి జడ వెయ్యడం ఎలాగో చూపించమన్నాడు. చూపించాను. వంకరగా వేస్తున్నాడు. వేస్తున్నాడు కదా.

ఇట్లు,
కాలరమ్మ.
వయసు అరవై మూడు.
ఇప్పుడు ఉంటున్నది కొడుకూ కోడలూ నేనూ కలిసి ఉండే ఇంట్లో, వీధి వైపు గదిలో.